స్వరము పోయిన పిమ్మట



ఈ సంచికకు నన్నొక వ్యాసము వ్రాయుమని కోరినప్పుడు, తెలుగు బోధించుదానను గనుక ఏ ఛందస్సును గూర్చియో, ఏ కవిని గూర్చియో వ్రాయుదమని మొదట తలంచితిని. కాని మీలో పెక్కండ్రు నన్నడుగు ప్రశ్న యొకటి కలదు. ఆఱవ తరగతిలో క్రొత్తగా చేరిన పిల్లలు ప్రతి జూను మాసమునను దాని నడుగుదురు: "టీచరమ్మా, మీ గొంతు ఎందుకట్లున్నది? సర్ది చేసిందా?" చేయలేదని నేను తల యూపుదును. అంతకు మించి చెప్పుటకు తరగతిలో కాలము చాలదు. నా గొంతును చాలదు. కావున ఆ ప్రశ్నకు సమాధాన మిచ్చట వ్రాయుచున్నాను. ఇందు నా తప్పిద మొకటి గూడ కలదు. దానిని దాచి తక్కినది చెప్పినచో ఈ వ్యాసము సాక్ష్యము గానేరదు.

నేను కరీంనగరములో పుట్టి పెరిగినదానను. మన ప్రాంతమున వెస్లియను మెథడిస్టు మిషనువారు పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశాబ్దములనుండి పని చేసిరి. 1947 సెప్టెంబరు 27వ తేదీన వారి సంఘములు ఇతర సంఘములతో నేకమై దక్షిణ ఇండియా సంఘ మయ్యెను. మా అమ్మమ్మ ఆ సంఘములో బైబిలు స్త్రీగా నుండెను. ఈ పేరు నేటి పిల్లలకు తెలియదు. చదువు నేర్చిన స్త్రీ లిద్దరు ముగ్గురు కలిసి, చంకకు సంచి తగిలించుకొని, పల్లెపల్లెకు నడచిపోయి, వాకిళ్ళలో కూర్చుండి తోడి స్త్రీలకు వాక్యము చదివి వినిపించెడివారు, పాటలు నేర్పెడివారు, రోగులను పరామర్శించెడివారు. వారినే బైబిలు స్త్రీ లనిరి. అమ్మమ్మకు పెండ్లినాటికి అక్షరమైనను రాదు. ఇద్దరు బిడ్డల తల్లియైన తరువాత, పగలంతయు కూలికి పోయి, రాత్రి కిరసనాయిలు దీపము ముందర పలక పట్టుకొని ఓనమాలు దిద్దెను. ఆ పలకను ఆమె చనిపోవువరకు పెట్టెలో దాచుకొనెను. ఇప్పుడది నాయొద్ద నున్నది.

అమ్మమ్మ స్వరము పెద్దది. ఆమె చింతచెట్టు క్రింద పాట నెత్తుకొనినచో వాడ చివరి యిండ్లవారు బయటికి వచ్చెడివారట. ఆ స్వరమే నాకు వచ్చినదని యింటివారందరు ననుచుండిరి. ఆదివారపు బడిలో నేనే ముందు పాడుదును. పదునాఱేండ్లకే గుడిలో గాయకబృందమున మొదటి వరుసలో నిలిచితిని. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో, ఉపాధ్యాయుని మాట చివరి బల్లపై కూర్చున్న పిల్లవానికి వినబడవలెనని మాకు నేర్పిరి. నా మాట చివరి బల్లను దాటి ప్రక్క తరగతికిని వినబడుచుండెను. ఉద్యోగములో చేరినపిమ్మట పదునాఱు సంవత్సరములు నేను పోతన పద్యమును రాగయుక్తముగా చదువగా పిల్లలు నిశ్శబ్దముగా వినెడివారు. ప్రార్థనా సమావేశమునకు మైకు చెడిపోయినను నన్ను పిలిచెడివారు. ఇది దేవుడిచ్చిన వరమని నోటితో చెప్పుచుంటిని గాని, లోపల నది నా సొత్తే యని నమ్మియుంటిని.

2018వ సంవత్సరమున వేసవి సెలవులలో, తల దువ్వుకొనుచుండగా మెడమీద ఎడమవైపున నొక గడ్డ నా వ్రేళ్ళకు తగిలెను. పరీక్షలు చేసి, థైరాయిడు గ్రంథిలో గడ్డ పెరుగుచున్నదనియు, దానిని తీసివేయక తప్పదనియు వైద్యులు చెప్పిరి. శరీరశాస్త్రమును చదువు పిల్లల కొరకు ఇక్కడ రెండు మాటలు వ్రాసెదను. ఈ గ్రంథి సీతాకోకచిలుకవలె రెక్కలు చాచి శ్వాసనాళమునకు ముందుభాగమున నుండును. దాని వెనుకనుండి రెండు సన్నని నాడులు కంఠములోనికి పోవును. స్వరతంత్రులను కదిలించునవి అవియే. అందు ఎడమవైపు నాడి చేయు ప్రయాణము చిత్రమైనది. అది తలనుండి దిగివచ్చు పెద్ద నాడితోనే రొమ్ములోనికి దిగి, అచట దానినుండి చీలి, గుండెనుండి వెడలు మహాధమని క్రిందుగా చుట్టి, మరల పైకెక్కి కంఠమును చేరును. మనము మాటాడు ప్రతి మాటకును ఆజ్ఞ గుండె ప్రక్కనుండి తిరిగి వచ్చుచున్నదన్నమాట. నా గడ్డ ఆ నాడిని చుట్టుకొని యుండెను. గడ్డను తీసినచో నాడికి హాని కలుగవచ్చునని వైద్యులు ముందుగనే తెలిపిరి. నేను సంతకము చేసితిని. వారియందు దోష మేమియు లేదు. వారు నా ప్రాణమును కాపాడిరి.

మెలకువ వచ్చినప్పుడు నా భర్తను పేరుపెట్టక "ఏమండీ" యని పిలువబోతిని. గాలి మాత్రము వెడలెను. మత్తు విడిచిన తరువాత వచ్చునేమో యనుకొంటిని. ఒక వారము గడచెను, ఒక మాసము గడచెను. ఎడమ స్వరతంత్రి చచ్చుబడినదనియు, కుడితంత్రి దానిని కలిసికొనలేకున్నదనియు, ఆ సందునుండి గాలి వృథాగా పోవుచున్నదనియు వివరించిరి. అభ్యాసము చేసినచో కుడితంత్రి కొంత ముందుకు జరిగి ఎడమదానికి తోడ్పడుననిరి. గుసగుసగా మాటాడుటకూడ కంఠమునకు శ్రమయే గనుక దానిని మానుమనిరి. ఆ సాధనచేత ఆఱు మాసములకు నాకీ బొంగురు స్వరము వచ్చెను. మీరెఱిగిన స్వరమిదియే. ఇంతకంటె మెరుగగునని ఆశ పెట్టుకొనవద్దని కూడ వారు దయతోనే చెప్పిరి.

ఆ దినములలో ఇంట నేను పడిన చిక్కులు చిన్నవి. పిల్లలను భోజనమునకు పిలుచుటకు గరిటెతో పళ్ళెమును మ్రోగించుచుంటిని. పాలవాడు వాకిటనుండి "లెక్క ఎంతయ్యె నమ్మా" యని యడిగినచో వ్రేళ్ళు చూపుచుంటిని. నా భర్త ఆర్టీసీలో కండక్టరు. "దినమంతయు బస్సులో అరచి అరచి వచ్చెడివానికి ఇంట నిశ్శబ్దముగా నున్నచో హాయియే" యని ఆయన నన్ను నవ్వించ యత్నించిరి. రాత్రులయందు ఆయన మేలుకొని యుండుట నేనెఱుగుదును. అత్తమ్మ యేమియు ననక నాకు మిరియాల పాలు కాచి యిచ్చుచుండెను. నన్ను బాధించినవి వేఱు. బంధువులలో నొకామె వచ్చి, నా మంచమునొద్ద కూర్చుండి, "నీకు విశ్వాసము చాలలేదు. విశ్వాసమే యున్నచో ఈపాటికి ప్రభువు స్వస్థపఱచియుండును" అనెను. ఆమె దుష్టురాలు గాదు. ఆ మాట ధైర్యము చెప్పుదునని యనుకొనియే పలికెను. కాని అది నా గుండెలో ముల్లువలె దిగెను. నాటినుండి నేను ప్రతిరాత్రియు నా విశ్వాసమును తూచుకొనుట మొదలిడితిని. తూచుకొన్నకొలది అది తరుగుచుండెను. మూడు మాసములు గుడికి పోవుట మానితిని. అందరును పాడుచుండగా నోరు మూసికొని నిలుచుటకు నాకు సిగ్గయ్యెను.

ఆ సంవత్సరము క్రిస్మసు పండుగకు నా భర్త నన్ను మెదకునకు తీసికొనిపోయిరి. ఆ దేవాలయమును మీలో అనేకులు చూచియుందురు. మిషనరీ యగు చార్లెస్ వాకర్ పాస్నెట్ పూనికతో 1914లో దాని పని మొదలై, 1924 డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠ జరిగెను. గోపురము 175 అడుగుల యెత్తు. కఱవుకాలమున జనులకు పని కల్పించి, పనికి తిండి పెట్టుచు దానిని కట్టించిరని పెద్దలు చెప్పుదురు. రంగుటద్దముల కిటికీలలో ప్రభువు జననమును, సిలువ మరణమును, ఆరోహణమును కలవు. వేలకొలది జనుల నడుమ నేనొక స్తంభమున కానుకొని నిలిచితిని. ఈ దినము నాకు స్వరము తిరిగి రావలెనని దేవునితో పంతముగా ప్రార్థించితిని. రాలేదు. కీర్తన మొదలయ్యెను. నేను పాడలేక నిలుచుండగా, నా ప్రక్కనున్న యొక ముసలామె శ్రుతి తప్పి, మాటలు మరచి, కండ్లు మూసికొని పాడుచుండుట వింటిని. ఇరువదేండ్లు గుడిలో పాడితిని గాని ప్రక్కవారి పాటను నేనెన్నడును వినియుండలేదు. నా స్వరమే నా చెవులను నింపియుండెను. ఆ దినమున నాకు స్వస్థత కలిగెనని చెప్పజాలను. ఆ ముసలామె పాటను మాత్రము ఇంటివఱకు మోసికొని వచ్చితిని.

పాఠశాల మరల తెరచిన తరువాత నా సంగతి యేమి చేయవలెనని చర్చ జరిగెను. "నీళ్ళు లేని బావికి చేద యెందుకు?" అని యొక పెద్దమనిషి యనినట్లు నాకు తెలిసెను. ఆయన పేరిచ్చట వ్రాయుట ధర్మము గాదు. నా బదులు వేఱొకరిని నియమించి, నన్ను 2019 జూనులో గోదావరి యవతలి యీ ప్రాంతమునకు బదిలీ చేసిరి. అప్పటికే 2016 అక్టోబరు 11వ తేదీన కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలను విభజించి క్రొత్త జిల్లాలు చేసియుండిరి. లక్సెట్టిపేట మంచిర్యాల జిల్లాలోనికి వచ్చెను. అయినను మా కరీంనగరమువారి నోట మాత్రము ఏటి యవతల నున్నదంతయు ఆదిలాబాదే. జగిత్యాల, ధర్మపురి దాటి, రాయపట్నము వంతెనమీద బస్సు పోవుచుండగా నేను క్రిందకు చూచితిని. వేసవి చివర దినములు. ఇసుక మేటల నడుమ నీరు సన్నని పాయలుగా నుండెను. నన్నెవరో ఇల్లు వెడలగొట్టినట్లుగా నుండెను. నా భర్తకు మంచిర్యాల డిపోకు మార్పు దొరకుటకు మఱి యొక యేడు పట్టెను. అంతవరకు నేను పిల్లలతో నొంటరిగా నుంటిని.

ఆ యింటిలో మొదటి రాత్రి సామానులు సర్దుచుండగా అమ్మమ్మ పలక పైకి వచ్చెను. దానిని చేతబట్టుకొనగా యాజకుడగు జెకర్యా కథ నాకు జ్ఞాపకము వచ్చెను. లూకా సువార్త మొదటి యధ్యాయమున నది యున్నది. దేవాలయములో ధూపము వేయుటకు పోయిన ఆ వృద్ధుడు మూగవాడై బయటకు వచ్చెను. బిడ్డ పుట్టి, వానికి పేరు పెట్టునంతవరకు ఆయన మాటాడలేదు. చుట్టములు తమకు తోచిన పేరు పెట్టబోగా ఆయన వ్రాతపలక నడిగి తెప్పించుకొని, దానిమీద యోహానను పేరు వ్రాసెను. ఈ కథను నేను ఆదివారపు బడిలో పదిసారులైనను చెప్పియుందును. ఆ మాసములలో ఆయన యెట్లు ప్రార్థించెనో యని మాత్రము ఎన్నడును ఆలోచింపలేదు. నోరు లేనివాడు ప్రార్థింపకుండెనా? ప్రార్థించియే యుండును. నేను బలపము తీసికొని, పలకమీద నా ప్రార్థన వ్రాసితిని. "ప్రభువా, నాకు భయముగా నున్నది" అని వ్రాసితిని. తుడిచితిని. మరల వ్రాసితిని. నోటితో ప్రార్థించు కాలమున నేనింత సూటిగా ఎన్నడును ప్రార్థించియుండలేదు. పెద్ద స్వరముతో ప్రార్థించువారికి తమ మాటలు తామే వినుకొను అలవాటు కలుగును, నాకది కలిగియుండెను.

అట్లు వ్రాయుచుండగా నొక రాత్రి, తలవని తలంపుగా, ఒక పిల్లవాడు నాకు జ్ఞప్తికి వచ్చెను. నా తప్పిదమని పైన వ్రాసినది ఇదియే.

2006వ సంవత్సరమున నా యేడవ తరగతిలో నత్తిగల పిల్లవా డొకడుండెను. ఒక దినము గజేంద్రమోక్షములోని పద్యమును అప్పగింపుమని వానిని లేపితిని. వాడు మొదటి యక్షరముననే చిక్కుకొనెను. నేను "మరల చెప్పు" మంటిని. మరల చిక్కుకొనెను. "గట్టిగా చెప్పుము, గొంతు తెరువుము, ఇట్లు" అని నేను పెద్ద స్వరముతో చదివి చూపితిని. మూడవసారి వాడు ఎఱ్ఱబడిన ముఖముతో నోరు తెరచి నిలువగా తరగతి యంతయు నవ్వెను. నేనును చిఱునవ్వు నవ్వితిని. వాని మంచికే చేయుచున్నానని యనుకొంటిని. ఆ సంవత్సరము వాడు మరల నా పీరియడులో నోరు తెరువలేదు. పదవ తరగతికి ముందే వాడు బడి మానెనని తరువాత వింటిని. నాకప్పుడది పెద్ద సంగతిగా తోచలేదు.

ఇప్పుడు నా నోరు తెరచుకొని, మాట రాక, నలుగురి యెదుట నిలువవలసిన దినము నాకే వచ్చెను. దేవుడు నన్ను దండించుటకై స్వరము తీసెనని నేను చెప్పుట లేదు. అట్లు చెప్పుట ఆ బంధువు చెప్పిన మాటవంటిదే యగును. రోగము శిక్ష యని యెంచినచో రోగులందరి ముఖమునను మనము బురద చల్లినట్లగును. గడ్డ గడ్డయే. అయితే ఆ నిశ్శబ్దములో ప్రభువు ఆ పిల్లవానిని నాయెదుట నిలువబెట్టెను. అంతవరకు నాకు స్వరము తిరిగి యిమ్మని ప్రార్థించినదానను, ఆ రాత్రి నన్ను క్షమింపుమని ప్రార్థించితిని.

ఇక నీ పాఠశాల సంగతి. నా మొదటి దినమున, తరగతి గోలగా నుండగా నేనెంత యత్నించినను నా మాట మొదటి బల్లకైనను చేరలేదు. నల్లబల్లమీద "నా గొంతు చిన్నది. మీరు నిశ్శబ్దముగా నున్నచో వినబడును. లేనియెడల వినబడదు" అని వ్రాసి కూర్చుంటిని. పిల్లలు చదివిరి. ఒకరి నొకరు ఊరకుండుమని సైగ చేసికొనిరి. నడుమునకు కట్టుకొను చిన్న మైకు తరువాత నా భర్త కొని తెచ్చిరి. అది నాకు కొంత సహాయమే యైనది. కాని ఆ మొదటి మాసమున నేను మైకు లేకయే నేర్చిన విద్య మిక్కిలి విలువైనది. నేను పద్యమును చదువలేను గనుక పిల్లలచేతనే చదివించితిని. ఇంతకు ముందు నేను చదువగా వినువారు, ఇప్పుడు వారు చదువగా నేను విను దానను. ఎవ్వరికి ఏ యక్షరము పలుకుట కష్టమో, ఎవ్వరికి పదము విరుచుట తెలియదో, పదునాఱేండ్లలో తెలియనివి ఒక మాసములో తెలిసెను.

ఆ తరగతిలో ఉట్నూరు కొండలనుండి వచ్చి వసతిగృహమున నుండు నొక గోండు బాలిక యుండెను. రెండు మాసములు ఆ పిల్ల నోరు తెరువలేదు. తోడివారు ఆమెకు మాటలు రావనిరి. ఒక సాయంకాలము నేను వరండాలో కూర్చుండి, అమ్మమ్మ పలకమీద కుండబొమ్మ గీసి, నీటిని చూపి, "మీ యింట దీని నేమందురు?" అని వ్రాసితిని. ఆ పిల్ల చాలసేపు చూచి, "ఏర్" అనెను. నేను సంతోషముతో "ఏరు" అని వ్రాసి, మన తెలుగులో ప్రవహించు నీటికి ఇదియే పేరని చూపితిని. గోండీ భాషయు తెలుగును ద్రావిడ కుటుంబమున దగ్గఱి చుట్టములని శిక్షణ కళాశాలలో చదివియుంటిని గాని, ఆ చుట్టరికము నాకు కండ్లయెదుట కనబడినది అప్పుడే. నాటినుండి ఆమె నాకు దినమునకొక గోండీ మాటను, నేనామెకొక తెలుగు మాటను నేర్పుకొనుచు వచ్చితిమి. 1940 దశకమున హైమన్‌డార్ఫ్ అను శాస్త్రజ్ఞుడు జైనూరు సమీపమందలి మార్లవాయిలో నివసించి, గోండు పిల్లలకు వారి భాషలోనే వాచకములు సిద్ధపఱచి పాఠశాలలు నెలకొల్పెను. 1987లో ఆయన భార్య మరణింపగా ఆ గ్రామముననే సమాధి చేసిరి. పిల్లవాని భాషను ముందు మనము వినవలెను, తరువాత మన భాషను చెప్పవలెనని వారు గ్రహించియుండిరి. నాకది గ్రహించుటకు గొంతు పోవలసి వచ్చెను.

మన సంఘ చరిత్రలోను ఇట్టి దృష్టాంతము కలదు. దోర్నకలు బిషప్పు వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునెల్వేలి ప్రాంతమున పుట్టిన తమిళుడు. 1909లో దోర్నకలునకు మిషనరీగా వచ్చెను. 1912 డిసెంబరు 29న, ఆంగ్లికను సంఘమున మొదటి భారతీయ బిషప్పుగా అభిషేకింపబడెను. 1945 జనవరి 1న మరణించు పర్యంతము తెలుగు పల్లెలలోనే పరిచర్య చేసెను. తెలుగు ఆయనకు తల్లి భాష గాదు. పెద్దవాడైన పిమ్మట నేర్చుకొనిన భాష. ముప్పదియైదేండ్ల వయస్సున, మాతృభాషలో ప్రసంగించుటకు అలవడిన విద్వాంసుడు, పల్లెవారి యెదుట పిల్లవానివలె మాటలు వెదుకుకొనుట యెంత కష్టమో నేనిప్పుడు కొంత యూహింపగలను. తనకు బాగుగా వచ్చిన దానిని విడిచి, రానిదానితో సేవ చేయుట కూడ విశ్వాసమే. మోషే సైతము తన నోరు మంద మని మొఱపెట్టగా, దేవుడాయన నోటిని మార్చక, అహరోనును తోడుగా నిచ్చెనని నిర్గమకాండము చెప్పుచున్నది. నాకు అహరోనులుగా దేవుడు నా తరగతిలోని పిల్లల నిచ్చెను.

2020 మార్చిలో కరోనా వ్యాధి కారణముగా పాఠశాలలు మూతబడెను. ఫోనులు గలవారు పాఠములు వినిరి. లేనివారు పశువులవెంట పోయిరి. అందరికిని గొంతు కంటె ఫోనే ముఖ్యమైన ఆ దినములలో, నేను కాగితములమీద పాఠములు వ్రాసి, దగ్గఱి పల్లెలలోని పిల్లల యిండ్లకు పోయి యిచ్చి, వారు వ్రాసిన వానిని తెచ్చుకొని దిద్దుచుంటిని. సంచి చంకకు తగిలించుకొని, ముఖమునకు గుడ్డ కట్టుకొని, వాకిటినుండి వాకిటికి నడచునప్పుడు నాకు అమ్మమ్మయే జ్ఞాపకము. ఆమె స్వరము నాకు వచ్చినదని యందరు ననిరి. ఆమె నడక నాకు వచ్చెనని ఎవ్వరు ననలేదు. అది నాకు నలువదేండ్లకు గాని రాలేదు.

ఆ నత్తిగల పిల్లవానిని చూడవలెనను కోరిక మాత్రము నన్ను విడువలేదు. ధైర్యము చాలక నాలుగేండ్లు జాగు చేసితిని. 2023 మే మాసమున బంధువుల పెండ్లికి కరీంనగరము పోయినప్పుడు విచారింపగా, టవర్ సర్కిలునకు కొంత దూరమున వాడు మోటారు వైండింగు దుకాణము పెట్టుకొని యున్నాడని తెలిసెను. పోయితిని. ముప్పదేండ్లకు దగ్గఱైన మనిషి, కాలిన మోటారునుండి రాగితీగ లాగుచుండెను. నన్ను గుర్తుపట్టి లేచి నమస్కరించెను. నేను మాటాడగా దుకాణములోని చప్పుడులో వానికి వినబడలేదు. వాడు వెంటనే యంత్రము నాపెను. పంకాను గూడ నాపెను. ముక్కాలి పీట నొకదానిని నా ప్రక్కకు లాగికొని, చెవి నావైపు త్రిప్పి కూర్చుండెను. నేను వాని కెన్నడును చేయని మర్యాద వాడు నాకు చేసెను.

"ఆ దినమున నిన్ను మూడుసారులు నిలబెట్టితిని. నవ్వితిని. నాది తప్పు. నన్ను క్షమింపవలెను" అని నా బొంగురు గొంతుతో చెప్పితిని. వాడు కొంతసేపు రాగితీగను వ్రేలికి చుట్టుచు విప్పుచు నుండెను. పిమ్మట, ఆగి ఆగి, "కో... కోపముండె టీచరమ్మా. చానా రోజులుండె. ఇప్పుడు లే... లేదు" అనెను. నేనేమియు ననలేకపోతిని. మేమిద్దరము నాలుగు మాటలు పలుకుటకు ఇతరులు నలుబది మాటలు పలుకునంత కాలము పట్టెను; తొందరపడువారు మాలో నెవ్వరును లేరు. టీ తెప్పించెను. త్రాగుచుండగా వాడే, "గా పద్యం నాకు ఇప్పటికీ వ... వస్తది" యని చెప్పి, క్రిందకు చూచుచు, మెల్లగా రాగముతో నెత్తుకొనెను. మొదటి యక్షరమునుండి కడపటి యక్షరమువరకు ఎక్కడను నత్తి లేదు. తీగ చుట్టునప్పుడు పాడుకొందునని చెప్పెను.

నత్తిగలవారిలో పెక్కండ్రకు పాడునప్పుడును, పదుగురితో కలిసి చదువునప్పుడును మాట తడబడదని నేను తరువాత చదివి తెలిసికొంటిని. ఆ దినమున వానిని ఒంటరిగా నిలుపక తరగతితో కలిపి పాడించినచో వాడు పాడియే యుండును. అంత చిన్న సంగతి నాకు తెలియలేదు. తెలిసికొనుటకు నేను యత్నింపను లేదు. దుకాణమునుండి వెడలి వీథిలో నడచుచు నేను ఏడ్చితిని. క్షమాపణ దొరకినందులకు ఏడ్చితినో, పోయిన యేండ్లకు ఏడ్చితినో వేఱుపఱచి చెప్పజాలను.

ప్రియ విద్యార్థులారా, ఇదియే మీ ప్రశ్నకు సమాధానము. నా స్వరము తిరిగి రాలేదు. విశ్వాసము గలవారికి పోయినదంతయు తిరిగి వచ్చునని యెవరైన చెప్పినచో, మీ తెలుగు టీచరమ్మకు రాలేదని జ్ఞాపకము చేసికొనుడు. ఆమె విశ్వాసము పోలేదనియు జ్ఞాపకము చేసికొనుడు. మీలో మాట తడబడువారు, భాష రానివారు, సిగ్గుపడువారు నాయొద్దకు రండు; నాకు కావలసినంత తీరిక యున్నది. మాట బాగుగా వచ్చినవారు మీ ప్రక్కవాని మాట ముగియువరకు ఓర్చుకొనుడు. వాని పదమును మీరు పూరింపకుడు. తలిదండ్రులారా, మీ బిడ్డ మెల్లగా పలికినచో వాని తెలివి తక్కువని యెంచవలదు. తోడి యుపాధ్యాయులారా, మీ కంఠములను కాపాడుకొనుడు. మంచినీళ్ళు దగ్గఱ నుంచుకొనుడు. రెండు మూడు వారములకును మానని బొంగురు నుపేక్షింపక వైద్యునకు చూపుడు. తరగతిలో నెవ్వనినైన నిలబెట్టి గద్దింపవలెనని తోచినప్పుడు, ఒక్క నిమిషము ఆగి నన్ను తలంచుకొనుడు.

ఇప్పుడు నేను ప్రతి యాదివారమును గుడికి పోవుచున్నాను. పాటల సమయమున నిలుచుండి ప్రక్కవారి పాట వినుచున్నాను. నా పెదవులు కదలును, శబ్దము రాదు. దేవునికి వినబడుచున్నదని నమ్ముచున్నాను. ఆయన కృప మీ యందఱికిని తోడై యుండును గాక.